రెండు మేకుల స్కోరు బోర్డు

నా చిన్నప్పుడు మా రాజమండ్రి స్టేడియంలో స్కోరు బోర్డుకు రెండే రెండు మేకులు ఉండేవి. ఎడమ మేకు మా ఊరి జట్టుది, కుడి మేకు వచ్చిన జట్టుది. ఒక్కొక్క మేకుకు ఒక్కొక్క రేకు ముక్క తగిలించేవారు. ఆ రేకు మీద సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె ఉండేది. ఫుట్‌బాల్‌కు అంతకు మించిన అంకె ఎన్నడూ అవసరం పడదన్న నమ్మకంతో చేసిన బోర్డు అది. నూనె డబ్బాల రేకులు కత్తిరించి, నల్లరంగు పూసి, తెల్లరంగుతో అంకెలు దిద్దినది మా తాతయ్య. ఆట ఉన్న రోజుల్లో దాని పక్కన వెదురు మంచె మీద కూర్చుని వాటిని మార్చేదీ ఆయనే.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఈమధ్య మా ఊరి ఆటల చరిత్ర అంటూ ఒక సావనీరు వెలువడింది. మా స్టేడియంలో జరిగిన ఏకైక రగ్బీ ఆట గురించి అందులో ఒక్కటే వాక్యం ఉంది. చూపు మందగించిన ఒక ముసలాయన ఊరి మీద అభిమానం కొద్దీ రాని పాయింట్లు నాలుగు బోర్డు మీద వేసి నవ్వులపాలయ్యాడట. ఒక్క వాక్యంలో ఇన్ని తప్పులు ఎలా ఇమిడాయో నాకు అర్థం కాలేదు. ఆయన చూపు మందగించలేదు. ఆయనకు అభిమానం ఉంది గాని, దాన్ని బోర్డు దాకా రానిచ్చే మనిషి కాదు. ఇక ఆ నాలుగు సంగతి చివర చెబుతాను. ఆనాటి నోటుపుస్తకం నా బీరువాలో ఉంది. ఏటేటా వేపాకు మార్చి, పురుగు పట్టకుండా కాపాడుకుంటూ వచ్చాను. రాసేముందు ఒక్కరైనా వచ్చి అడిగి ఉంటే తీసి చూపించేదాన్ని.

మా తాతయ్య నిడదవోలు జంక్షన్‌లో సిగ్నల్ కేబిన్‌లో లీవర్లు లాగి రిటైరైన మనిషి. ముందున్న దారి ఖాళీగా ఉందో లేదో డ్రైవరుకు కనిపించదు, సిగ్నలును నమ్మి బండి నడుపుతాడు. వెనక పెట్టెల్లో నిద్రపోయేవాళ్ళు ఆ డ్రైవరును నమ్మి ప్రయాణం చేస్తారు. ఇంతమంది నమ్మకం తన చేతి కింద ఉన్న ఇనుప కడ్డీ మీద ఆధారపడి ఉందన్న ఎరుకతో ఆయన తన జీవితమంతా గడిపారు. అందుకే స్టేడియం కమిటీవారు సరదాకి అప్పగించిన బోర్డును కూడా ఆయన సిగ్నలుగానే చూశారు. ఉద్యోగంలో వాడిన పచ్చజెండా, ఎర్రజెండా సంచిలో వేసుకుని వచ్చేవారు. రెఫరీ గోలు ఇచ్చినట్టు చెయ్యి చూపగానే లేచి నిలబడి పచ్చజెండా ఒక్కసారి ఊపేవారు. మీ మాట నాకు అందింది అని దాని అర్థం. ఆ తర్వాతే రేకు మార్చేవారు. జెండా ముందు, రేకు తర్వాత. ఈ వరుస ఏనాడూ తప్పలేదు. రానురాను రెఫరీలు కూడా ఆ జెండా ఊగేదాకా ఆట మళ్ళీ మొదలుపెట్టడం మానేశారు.

నేనప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆయన గడియారం చూసి నిమిషం చెబితే, ఎవరికి ఎన్ని గోల్స్ వచ్చాయో నోటుపుస్తకంలో రాయడం నా పని. ఆ ఏడాది కమిటీ సెక్రటరీ ఇంటికి వచ్చి, మర్యాదగానే ఒక మాట అని వెళ్ళారు. "డెబ్బై దాటేశారు కదండీ, మంచె ఎక్కడం దిగడం కష్టం. ఈ ఏటికి మీరే కానివ్వండి. ఏ పొరపాటూ లేకుండా జరిగిపోతే పై ఏడు సంగతి అప్పుడు చూద్దాం." తాతయ్య "ఆయ్, అలాగేనండి" అన్నారు. సెక్రటరీ వెళ్ళాక తాతయ్య చాలాసేపు రేకులు ఒక్కొక్కటీ తీసి తుడుస్తూ కూర్చున్నారు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన ఉద్యోగం అదొక్కటే. ఆ సంగతి నాకు తెలుసు.

ఆ ఏటి ఫుట్‌బాల్ పోటీలు ముగిశాక, మర్నాడు అదే మైదానంలో ఒక రగ్బీ ఆట ఏర్పాటు చేశారు. మద్రాసు నుంచి ఒక జట్టు, దానితో ఒక రెఫరీ వచ్చారు. వాళ్ళకు ఎదురు నిలవడానికి మా ఊరి ఫుట్‌బాల్ కుర్రాళ్ళే సిద్ధమయ్యారు. వాళ్ళలో మా పక్కింటి అన్నయ్య ఒకడు. వాళ్ళ నాన్నకు కొబ్బరికాయల కొట్టు ఉండేది. కోలగా ఉండే ఆ బంతి మా ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. అందువల్ల కుర్రాళ్ళందరూ ఒక నెలపాటు ఆ కొట్టులోని పీచు తియ్యని కొబ్బరికాయలు చంకన పెట్టుకుని గోదావరి ఇసుకలో పరుగెత్తారు. ఊళ్ళో దానికి కొబ్బరికాయాట అనే పేరు స్థిరపడింది. మైదానంలో గోల్ స్తంభాలకే పొడవాటి వెదురు గెడలు కట్టి ఎత్తు పెంచారు. కింద ఫుట్‌బాల్ వలలు అలాగే ఉన్నాయి. వాటిని విప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆటకు ముందు తాతయ్య ఆ రెఫరీ దగ్గరికి వెళ్ళి, కాగితం మీద రాసుకున్న ప్రశ్నలన్నీ అడిగి వచ్చారు. గీత దాటి బంతిని చేత్తో నేలకు ఆనిస్తే నాలుగు పాయింట్లు. ఆ తర్వాత బంతిని తన్ని, అడ్డకర్ర మీదుగా రెండు గెడల మధ్య పోనిస్తే ఇంకో రెండు. పాయింట్లు ఇచ్చినట్టయితే రెఫరీ చెయ్యి నిటారుగా పైకెత్తుతాడు. అన్నీ అడిగారు గాని, ఒకటి మిగిలిపోయింది. ఈ ఆటలో స్కోరు ఎంతదాకా పోతుందన్నది అడగలేదు.

మద్రాసు జట్టుకు మొదటి పదిహేను నిమిషాల్లో నాలుగు వచ్చింది, తర్వాత ఆరయింది. సగం ఆట ముగిసే వేళకు పది అయింది. తాతయ్య చేతిలో తొమ్మిది రేకు ఉంది. పక్కన ఇంకో రేకు తగిలించడానికి మేకు లేదు. కింద నుంచి సెక్రటరీ తల పైకెత్తి, "తొమ్మిది దగ్గర ఆపేసెయ్యండి తాతగారూ, ఎవడు లెక్కపెడతాడండీ! మనోళ్ళకీ కాస్త పరువుగా ఉంటుంది" అన్నారు. తాతయ్య తొమ్మిది కింద పెట్టి సున్నా తగిలించారు. పచ్చజెండాను కుడివైపు గుంజకు కట్టారు. విరామ సమయంలో దిగి వెళ్ళి, కట్టిన జెండా ఒక్కొక్కటీ పదికి గుర్తని మైకులో చెప్పించారు. గేలరీలో జనం చప్పట్లు కొట్టారు. ఒక్క జెండాతో ఆయన ఆ బోర్డు కొలతనే మార్చేశారని నాకు గర్వంగా అనిపించింది.

రెండో సగంలో మద్రాసువాళ్ళకు ఇరవై అయింది. ఇక ఎర్రజెండా కావాలి. అది కింద సైకిలుకు తగిలించిన సంచిలో ఉండిపోయింది. "అమ్మడూ, నేను రెండు నిమిషాల్లో వచ్చేస్తాను. రెఫరీ చెయ్యెత్తినా సరే, నువ్వు రేకులు ముట్టుకోకు" అని చెప్పి తాతయ్య మంచె దిగారు.

ఆ రెండు నిమిషాల్లోనే మా పక్కింటి అన్నయ్యకు బంతి చిక్కింది. కుడి అంచున, నెల రోజులు కొబ్బరికాయతో పరుగెత్తిన పరుగే పరుగెత్తాడు. ఇద్దరిని తప్పించుకున్నాడు. మూడోవాడు చొక్కా పట్టుకుంటే, చొక్కా చిరిగింది గాని మనిషి ఆగలేదు. గీత దాటేశాడు. అక్కడ అతనికి ఎదురుగా గోల్ స్తంభాలు, వాటి వెనక వల కనిపించాయి. పదేళ్ళుగా ఆ వలను చూసి చేస్తున్న పనే చేశాడు. చేతిలోని బంతిని వదిలి, బలంగా తన్ని వలలోకి కొట్టాడు.

స్టేడియం అంతా లేచి నిలబడింది. డప్పులు మోగాయి. తలపాగాలు, టోపీలు గాలిలోకి లేచాయి. నేను రెఫరీ వైపు చూడలేదు. జెండా ఊపవలసిన మనిషి పక్కన లేరన్న స్పృహ కూడా నాకు లేదు. నాలుగు రేకు తీసి మా ఊరి మేకుకు తగిలించాను. నోటుపుస్తకంలో నాలుగు అని రాశాను కూడా. అది చూసి జనం ఇంకా గట్టిగా అరిచారు. ఆ అరుపు నా కోసమేనన్నంత సంతోషం కలిగింది.

తాతయ్య ఎర్రజెండాతో పైకి వచ్చారు. బోర్డు చూశారు. మైదానం చూశారు. రెఫరీ చెయ్యి పైకి లేదు. రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, నేలకు ఆనించలేదు అన్నట్టు వంగి మట్టిని తట్టి చూపిస్తున్నాడు. తాతయ్య ఎర్రజెండా గుంజకు కట్టి, ఎడమ మేకు దగ్గరికి నడిచారు. అప్పటికే సెక్రటరీ పరుగున వచ్చి మంచె కింద నిలబడ్డారు.

"ఇప్పుడు తీశారంటే గొడవైపోద్దండి! సరదా ఆటే కదా, ఉండనివ్వండి. మీ పై ఏటి సంగతి కూడా ఆలోచించుకోండి."

"ఆలోచించానండి" అని తాతయ్య నాలుగు తీసి సున్నా తగిలించారు.

అంత పెద్ద సంతోషం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టదని ఆ రోజు చూశాను. వేరుశనగ పొట్లాలు, నారింజ తొక్కలు మా మంచె మీదికి వచ్చి పడ్డాయి. "ఒరేయ్ తాతా, కళ్ళజోడు కొనుక్కో!" అని ఒకడు, "మద్రాసోళ్ళు ఇడ్లీలు పెట్టారేంటి తాతా?" అని ఇంకొకడు. ఒక చెప్పు వచ్చి ఆ సున్నా రేకుకే తగిలింది. నేను ఆయన వెనక దాక్కున్నాను. ఆయన బోర్డు ముందుకు వచ్చి, రెండు చేతులూ ఎత్తి, "పొరపాటు నాదండీ! రాని నాలుగు వేశాను. నా పొరపాటు!" అని గేలరీ నాలుగు వైపులా తిరిగి చెప్పారు. చేతులు దించకుండా, అరుపులు సన్నగిల్లేదాకా అలాగే నిలబడ్డారు.

ఆట ముగియడానికి ఇంకా కొద్ది నిమిషాలు ఉన్నాయి. మా పక్కింటి అన్నయ్యకు మళ్ళీ బంతి దొరికింది. మళ్ళీ గీత దాటాడు. ఈసారి బంతి మీద బోర్లా పడి, దాన్ని పసిబిడ్డలా కావలించుకుని, లేవమన్నా లేవలేదు. రెఫరీ చెయ్యి నిటారుగా లేచింది. ఆశ్చర్యం ఏమిటంటే, గేలరీలో ఎవరూ అరవలేదు. అన్ని వేల తలలూ ఒక్కసారిగా మా మంచె వైపు తిరిగాయి. జెండాలు రెండూ గుంజకు ఉన్నాయి. తాతయ్య భుజం మీది తువ్వాలు తీసి ఒక్కసారి ఊపారు. అప్పుడు లేచిన కేక ఇందాకటి కేక కాదు. ఆయన నాలుగు రేకు మేకుకు తగిలించారు.

ఆ తర్వాత బంతిని గెడల మధ్యకు తన్నమంటే, మా కెప్టెన్ అలవాటు కొద్దీ అడ్డకర్ర కిందుగా వలలోకే కొట్టాడు. జనం మళ్ళీ తాతయ్య వైపు చూశారు. తువ్వాలు భుజం మీదే ఉంది. గేలరీ అంతా నవ్వింది. ఇరవై, నాలుగు. అదే చివరి స్కోరు.

జనం వెళ్ళిపోయాక తాతయ్య మంచె మీదే నోటుపుస్తకం తెరిపించారు. నేను రబ్బరు తీశాను. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకున్నారు. చెరిపితే తప్పు జరగనేలేదని అబద్ధం చెప్పినట్టు అవుతుందన్నారు. ఒక్క గీత కొట్టు, కింద ఏముందో కనబడాలి అన్నారు. కొట్టాను. ఆయన పెన్సిలు తీసుకుని ఆ పక్కన 'పొరపాటు నాది' అని రాసి సంతకం పెట్టారు. నాకు ఏడుపు ఆగలేదు.

"తాతయ్యా, వేసింది నేను కదా!"

"డ్యూటీ ఎవరిదమ్మడూ?"

"నీది."

"మంచె దిగిందెవరు?"

"నువ్వే."

"మరింకేంటి?" అని పుస్తకం మూసేశారు.

మరుసటి ఏడాది బోర్డు ఇంకొకరికి అప్పగించారు. తాతయ్య టిక్కెట్టు కొనుక్కుని, నన్ను వెంటపెట్టుకుని, గేలరీలో మూడో మెట్టు మీద కూర్చునేవారు. నేను నోటుపుస్తకంలో రాస్తూనే ఉండేదాన్ని. గోలు ఇచ్చిన ప్రతిసారీ ఊరి రెఫరీ కళ్ళు ముందు మూడో మెట్టు వైపు వెళ్ళేవి. తాతయ్య తువ్వాలు అంచు కొద్దిగా కదిపేవారు. ఆ తర్వాతే ఈల మోగేది. బోర్డు తీసుకున్న కమిటీకి ఇది తీసుకోవడం చేత కాలేదు.

ఆ రోజు నుంచి నేను రాసిన ఏ కాగితంలోనూ రబ్బరు వాడలేదు. పాతికేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, రిజిస్టర్లు రాశాను. ఎందరి అరుపులకో లొంగి అంకె వేయాలనిపించిన ప్రతిసారీ, ముందు చెయ్యి లేచిందా అని చూశాను. తప్పు చేసినప్పుడు, చూసినవాళ్ళందరి ఎదుటే ఆ అంకె దించాను. కాని ఒక్క అంకె విషయంలో ఇన్నేళ్ళూ ఆయన చాటున దాక్కునే ఉన్నాను. సావనీరు రాసినవారి మీద నాకు వచ్చిన కోపంలో సగం నా మీదే రావలసినది.

అందుకే నిన్న ఆ పేజీ తెరిచాను. మా తాతయ్య రాసిన ఆ రెండు మాటల మీద స్కేలు పెట్టి ఒక్క గీత కొట్టాను. దాని పక్కన అవే రెండు మాటలు నా చేతితో రాసి, సంతకం పెట్టాను. గీత కింద ఆయన రాసినది చక్కగా కనబడుతోంది.