పిన్ని ఓటు

పంతొమ్మిది వందల యాభై ఐదులో జరిగిన ఎన్నికల్లో నేనొక ఓటు వేశాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఇరవై ఒకటి నిండనిదే ఓటు లేదు. వేరే మనిషి పేరు మీద వేశాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

మాది నందిగామకూ కంచికచర్లకూ నడుమ ఒక ఊరు. ఊరికి పడమర పక్క క్రైస్తవుల పాలెం, అందులో ఒక మిషను బడి, ఆ బడికి మా నాన్న ఒక్కడే పంతులు. ఆదివారం గుళ్లో వాక్యం చదివేదీ ఆయనే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నలుగురున్న చోట నాకు నోరు పెగిలేది కాదు. నాన్న నందిగామ వెళ్లినప్పుడల్లా లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చేవాడు. వాటిని చదవడం, బడిలో మిగిలిన నోటుపుస్తకాల్లో రోజూ నాలుగు ముక్కలు రాసుకోవడం, ఇవే నా మాటలు.

మా పక్కింట్లో పిన్ని ఉండేది. చుట్టరికం ఏమీ లేదు. అమ్మ పోయాక నాకు జడ వేసింది ఆవిడే, అందుకని పిన్ని. భర్త పోయిన మనిషి. కూలికి వెళ్లేది. నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. "ఓ పంతులమ్మా, ఆ పుస్తకం మూసి ఇటు తిరుగు. జడ వంకర పోతే ఆ పుస్తకమేం సరిచెయ్యదు" అనేది.

మొట్టమొదటి ఎన్నికలకు ముందు ఓటర్ల పేర్లు రాసే పని మా వైపు పంతుళ్లకు పడింది. నాన్న వెంట నేను సిరాబుడ్డి పట్టుకుని తిరిగాను. మగవాళ్ల పేర్లు ఇట్టే అయిపోయేవి. ఆడవాళ్ల దగ్గర పని ఆగిపోయేది. పేరు అడిగితే తలుపు చాటుకు వెళ్లిపోయేవాళ్లు. "ఫలానావాడి పెళ్లాం అని రాసుకోండి పంతులుగారూ" అని ఒకరు, "పెద్దోడి తల్లి అంటే చాలదా?" అని ఇంకొకరు. నాన్న అలాగే రాసిచ్చాడు. తర్వాత పైనుంచి ఉత్తర్వు వచ్చింది, సొంత పేరు లేని ఆడవాళ్లను జాబితాలోంచి కొట్టేయమని. ఆ సంగతి మా పాలెంలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఓట్ల రోజున పిన్ని ఉతికిన చీర కట్టుకుని మధ్యాహ్నం దాకా వరసలో నిలబడి వెనక్కి వచ్చింది.

"పేరు లేదంట నాకు. ఇన్నేళ్లు బతికా, ఇవాళ తెలిసింది" అంది. ఆమె నవ్వకపోవడం నేను చూడటం అదే మొదలు.

యాభై ఐదు ఎన్నికలకు మళ్లీ పేర్లు రాయాల్సి వచ్చింది. ఈసారి నాన్న అరుగు మీద కూర్చునేవాడు, నేను లోపలికి వెళ్లి ఆడవాళ్ల పేర్లు అడిగి వచ్చేదాన్ని. సిగ్గు నాకూ ఉంది, వాళ్లకూ ఉంది. చెవిలో చెప్పించుకుని రాసేదాన్ని. పిన్ని నన్ను పొయ్యి దాకా లాక్కుపోయి మరీ చెప్పింది.

"మా ఆయన పేరుతో రాయబాకు. నా బాప్తిస్మం పేరు రాయి. మిషను దొరసాని పెట్టింది. నీళ్లలో ముంచేటప్పుడు ఒక్కసారి పిలిచింది, అంతే. మళ్లీ ఎవరూ పిలవలా. నువ్వు ఊళ్లో చాటబాకు, పిల్లకాయలు ఎగతాళి చేస్తారు."

అందమైన పేరు. ఇక్కడ రాయను. ఆ రాత ముగించి ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను. పిన్నిని అందరూ చచ్చిపోయిన భర్త పేరు పెట్టి ఫలానావాడి పెళ్లామనే పిలిచేవాళ్లు. ఆ పేరుకూ ఆ మనిషికీ సంబంధం ఉందని తెలిసింది నాకూ, నాన్నకూ, చర్చి రిజిస్టరుకూ.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. జీపులు, మైకులు. నాన్న ఒక గుర్తు వైపు తిరుగుతున్నాడు. ఆ గుర్తు మనిషి గెలిస్తే మా బడికి సర్కారు గ్రాంటు ఇప్పిస్తానన్నాడట. గుర్తుల పేర్లు రాయను, ఆ పార్టీల వాళ్లు ఇంకా ఉన్నారు. ఒకరోజు జడ వేస్తూ పిన్ని తను రెండో గుర్తుకు వేస్తానంది.

"మీ నాయనకు చెప్పబాకు. పంతులుగారు మంచోడే. కానీ కూలి ఎంతో ఆసామి చెప్తాడు, ఏ చేలోకి పోవాలో మేస్త్రి చెప్తాడు. ఇదొక్కటే నన్నడుగుతున్నారు. నా ఇష్టం నాది."

అదీ డైరీలో రాసుకున్నాను. మిరపకోతలకు జగ్గయ్యపేట అవతలికి వెళ్తూ, ఓట్లనాటికి వచ్చి తీరతానని నాతో చెప్పింది.

ఓట్ల రోజు పొద్దున్నే నాన్న నన్ను కూర్చోబెట్టాడు.

"పిన్ని కబురు పంపింది. కోతలు తెగలేదంట, రాలేనంది. తన ఓటు నిన్ను వెయ్యమంది."

"నాకు ఓటు లేదుగా నాన్నా."

"నీది కాదమ్మా, ఆమెది. చెయ్యి మాత్రమే నీది."

"ఎవరితో చెప్పి పంపింది?"

"పేట నుంచి వచ్చిన లారీ అతనితో. రెండో గుర్తుకు వేద్దామనుకుందిగానీ, ఆలోచించుకుని మన గుర్తుకే వెయ్యమంది."

నాకు అక్షరాలు నేర్పింది ఆయన. అబద్ధమాడకూడదని నేర్పిందీ ఆయనే. నాన్న మాటను అనుమానించాలన్న ఊహే నాకు రాలేదు. పిన్ని నన్ను నమ్మి పని చెప్పిందని లోలోపల మురిసిపోయాను కూడా.

ఓట్లు ఊళ్లోని పెద్ద బడిలో. లోపల కూర్చున్న ఏజెంట్లు ఊరి ఆసాముల పిల్లలు. పాలెం ఆడవాళ్లు వాళ్లకు పొలాల్లో వంగిన వీపులుగానే తెలుసు. నేను ముసుగు నుదుటి మీదికి లాక్కున్నాను. గుమాస్తా పేరు చదివాడు. నా వెనకున్న పాలెం ఆడవాళ్లు ఆ పేరు అంతకుముందెప్పుడూ వినలేదు కనుక అది నా బాప్తిస్మం పేరు అనుకుని ఉంటారు. ఎడమచేతి చూపుడువేలికి సిరా పూసి చీటీ ఇచ్చారు.

అప్పట్లో ముద్ర వేసే పద్ధతి లేదు. తెర చాటున బల్ల మీద ఒక్కో గుర్తుకు ఒక్కో పెట్టె ఉండేది. ఇష్టమైన పెట్టెలో చీటీ వేసి రావడమే. పిన్ని చెప్పిన గుర్తు నాకు ఎదురుగానే ఉంది. చెయ్యి అటు వెళ్లింది. మనసు మార్చుకుందిగదా అని వెనక్కి తీసుకున్నాను. నాన్న చెప్పిన పెట్టెలో వేశాను. అక్కడ నన్ను చూసేవాళ్లు ఎవరూ లేరు. అయినా అందులోనే వేశాను.

బయట గోడ పక్కన నాన్న కోసం నిలబడి ఉండగా పిన్ని వచ్చింది. పేట నుంచి మిరపకాయ బస్తాల లారీ మీద నందిగామ దాకా వచ్చి, అక్కణ్ణుంచి నడిచింది. చీరంతా ఎర్ర దుమ్ము, కళ్లు మంటకు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి చెయ్యి ఊపింది. "వచ్చాగా! చెప్పానా లేదా?" అని అరిచి వరసలోకి వెళ్లింది.

కబురు పంపిన మనిషి ఎలా వచ్చింది? అప్పుడు ఇంకోటి తట్టింది. పిన్ని రెండో గుర్తుకు వేద్దామనుకుందని నాన్నకెలా తెలుసు? ఆమె ఆ మాట నా ఒక్కదానికే చెప్పింది. నేను ఒక్కచోటే రాశాను.

వరస చిన్నది. తలుపు దగ్గర గుమాస్తా గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.

"ఈ పేరు మీద ఓటు పడిపోయిందమ్మా."

"పడటమేంది? నేను ఇప్పుడేగా వచ్చింది. చూడండి, వేలికి సిరా ఏదీ?"

రెండో గుర్తు ఏజెంటు లేచి నిలబడ్డాడు. "దొంగ ఓటు! ఎవరి మీదన్నా అనుమానముందా? పేరు చెప్పు, ఇప్పుడే పోలీసును పిలుస్తా."

పిన్ని తిరిగి గుమ్మంలోంచి చూసింది. నేను ఎడమచెయ్యి చెంగులో చుట్టుకుని ఉన్నాను. ఆమె చూపు ఆ చెంగు మీద ఆగింది.

"నాకేం తెలుసయ్యా. పొద్దున్నుంచి నేను లారీలో ఉన్నా."

ఆఫీసరు ఆమెకు వేరే చీటీ ఒకటి ఇచ్చాడు. ఎక్కడ వెయ్యాలని అడిగింది. పెట్టెలో వేయకూడదు, దాన్ని కవరులో పెడతామన్నాడు. "మరి లెక్కలోకి వస్తదా?" అంది. ఆయన కవరు ముందుకు జరిపాడు. బయటికొచ్చి నా పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లాక నాన్నను ఒకే ప్రశ్న అడిగాను. నా డైరీ చదివావా అని.

"నా ఇంట్లో ఉన్న పుస్తకం నేను చదవకూడదా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆమె రాదనుకున్నా. ఒక్క ఓటమ్మా. బడి నిలబడొద్దా? నువ్వు తినే కూడు ఆ బడిది కాదా?" అన్నాడు.

ఆ ఆదివారం ఆయన గుళ్లో వాక్యం చదివితే నేను తలెత్తలేదు. డైరీలు పొయ్యిలో పెట్టాను. చాలా ఏళ్లదాకా మళ్లీ రాయలేదు. నాన్న గుర్తే గెలిచింది. గెలిచినాయన మా పాలెం వైపు తొంగి చూడలేదు, గ్రాంటూ రాలేదు, ఆ బడీ మూతపడింది. నాన్న ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒకే ఇంట్లో ఉంటూ అన్నం వడ్డించడానికి కావలసినన్ని మాటలే మాట్లాడుకున్నాం. నా జడ నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. పిన్ని ఎదురుపడితే నేనే పక్క సందులోకి తిరిగేదాన్ని.

యాభై ఏడులో పార్లమెంటు ఓట్లప్పుడు ఆమె పొగాకు పనికి వెళ్లి ఊళ్లో లేదు. తర్వాత హద్దులు మార్చి, మా చుట్టుపక్కల ఊళ్లను అటూ ఇటూ పంచారు. మేం ఓటేసిన ఆ నియోజకవర్గం ఇప్పుడు లేదు. అప్పటి పెట్టెలూ లేవు. కాగితం మీద ముద్ర వేయడం వచ్చింది.

అరవై రెండు ఎన్నికలకు నేను నందిగామలో టీచరుని. నా పేరు మాత్రం మా ఊరి జాబితాలోనే ఉంది, బస్సెక్కి వచ్చాను. వరసలో నిలబడి చూస్తే పిన్ని వస్తోంది. బాగా వంగిపోయింది. నాలుగడుగుల దూరంలో ఆగి నన్ను గుర్తుపట్టింది. ఏడేళ్లుగా గొంతులో ఉన్నదంతా అప్పుడే చెప్పేయాలనుకున్నాను. "పిన్నీ, ఆ రోజు నాన్న నాతో..." అన్నానో లేదో, వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ఏడు వానాకాలంలో ఆమె పోయింది. నాతో ఆమె అన్న ఆఖరి మాటలు ఆ వరసలో అన్నవే.

"నువ్వు నా ముందు నిలబడబాకమ్మా. నేను వేసొచ్చిందాకా అట్టా పక్కనుండు."