పుస్తకం పండుగ, దింపుడు కల్లం

నా చిన్నప్పుడు మాకు దసరా, బతుకమ్మలతో పాటు ఇంకో పండుగ ఉండేది. వరంగల్ మొత్తం మీద దాన్ని చేసుకునేది ఇద్దరమే, మా పెద్దనాయిన, నేను. ఏటా జూన్ పదహారున వచ్చేది. ఒక ఏడు ఆ పండుగనాడే మా నాయిన పోయాడు. ఆ సంగతి నాకు తెలియకుండా మావాళ్ళు సగం రోజు దాచారు. దాచడానికి ఆ పండుగనే వాడుకున్నారు. ఇన్నేళ్ళయినా ఇది తలచుకుంటే నాకు ముందు కోపమే వస్తుంది, ఏడుపు ఆ తర్వాత.

ముందు పండుగ సంగతి చెప్పాలి, లేకపోతే ముసలిదానికి మతి పోయిందనుకుంటారు. మా పెద్దనాయిన, అంటే మా నాయినకు అన్న, హన్మకొండలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. ఐర్లండ్ రచయిత ఒకాయన రాసిన లావుపాటి నవల ఆయనకు ప్రాణం. అంత లావు పుస్తకంలోనూ జరిగేది ఒక్కటే రోజు. ఒక మామూలు మనిషి పొద్దున లేచి, తిని, ఊరంతా తిరిగి, రాత్రికి ఇల్లు చేరతాడు. ఆ రోజు జూన్ పదహారు. ఏటా ఆ తారీఖున అక్కడి జనం ఆ రచయిత పేరు చెప్పుకొని పండుగ చేసుకుంటారట. పాతకాలపు బట్టలు తొడుక్కొని, పుస్తకంలోని మనిషి తిన్నదే తిని, ఆయన నడిచిన వీధులే నడిచి, అక్కడక్కడా ఆగి పేజీలు చదువుతారట. మా పెద్దనాయినకు అంత దూరం పోయే యోగం ఎక్కడిది? అందుకని వరంగల్‌నే ఆ ఊరు చేసుకున్నాడు.

ఆయనకు పిల్లలు లేరు, అందుకే తోడుకు నేను. ముందు రోజు సాయంత్రమే మా ఇంటి నుంచి హన్మకొండ వచ్చి వాళ్ళింట్లో పడుకునేదాన్ని. పొద్దున పెద్దమ్మ మేక గుర్దాలు, అంటే మూత్రపిండాలు, వేయించి పెట్టేది. తర్వాత కిరాణా కొట్లో ఒక సబ్బు కొని జేబులో వేసుకోవాలి, అది కూడా పుస్తకంలో ఉన్నదే. చౌరస్తాలో నిలబడి ఆయన ఒక పేజీ ఇంగ్లీషులో గట్టిగా చదివేవాడు. రిక్షావాళ్ళు "సారు మల్ల మొదలువెట్టిండు" అని నవ్వేవారు. పుస్తకంలోని మనిషి ఆ పొద్దున తెలిసినవాళ్ళ చావుకు పోతాడు గనుక, మేం కూడా సగం నడిచి, సగం రిక్షా ఎక్కి, వాగు పక్కన ఉన్న మా వాడకట్టు శ్మశానం గోడ దాకా పోయేవాళ్ళం. అక్కడ ఆ పేజీ చదువుకున్నాకే మిర్చి బజ్జీలు. అంతా వరసగా జరగాలి. ఒక్క పేజీ కూడా దాటేయొద్దన్నది ఆయన పెట్టిన నియమమే.

మా నాయిన లారీ నడిపేవాడు. రెండు మూడు రోజులు బండి మీదే ఉండి ఇంటికొచ్చి పడుకుంటే ఎవరు లేపినా లేచేవాడు కాదు. అమ్మ గిన్నెలు మోగించి మోగించి విసిగిపోయి నన్ను పంపేది. నేను చెవి దగ్గర నోరు పెట్టి "నాయినా" అంటే చాలు, కళ్ళు మూసుకునే నవ్వేవాడు. నేను పిలిస్తే లేస్తాడని మా వాడకట్టులో అందరికీ తెలుసు. ఆ గర్వం నాకు చాలా ఉండేది.

ఆ ఏడు ఖమ్మం నుంచి వస్తూ వర్ధన్నపేట దాటాక ఆయన లారీ చెట్టుకు గుద్దుకుంది. నేను పెద్దమ్మ పక్కన నిద్రపోతుండగా తెల్లారుజామున నాయిన తమ్ముడు, మా చిన్నాయిన, సైకిల్ మీద వచ్చి కబురు చెప్పిపోయాడు. మొహం చూసే తీరున లేదు, పిల్లను ఇటు తేవద్దు, అంతా అయినాక చెప్పొచ్చు అని ఇంట్లో పెద్దలు తేల్చారట. నేను లేచేసరికి ఏం చెప్పాలో పెద్దనాయినకు, పెద్దమ్మకు తోచలేదు. నేనే లేస్తూనే "గుర్దాలు తెచ్చిన్రా?" అని అడిగాను. దాంతో వాళ్ళకు దారి దొరికింది.

చావు కబురు విన్న ఇంట్లో పొయ్యి వెలిగించరు. అట్లాంటిది మా పెద్దమ్మ ఆ పొద్దున మాంసం వేయించింది. పెద్దనాయిన తన వాటా కూడా నా పళ్ళెంలోకి తోసి "నువ్వు తిను బిడ్డా, నాకు కడుపుల మంచిగ లేదు" అన్నాడు. నేను లొట్టలేసుకుంటూ తిన్నాను. ఆ తర్వాత ఈ జన్మలో గుర్దా ముట్టలేదు.

కిరాణా కొట్టాయన సబ్బు ఇస్తూ "సారూ, గిట్లయితదనుకోలే..." అని ఏదో అనబోయాడు. పెద్దనాయిన కళ్ళతోనే ఆపాడు. ఆయన గభాలున సీసా తెరిచి నా చేతినిండా పిప్పరమెంట్లు పోశాడు. పండుగ కదా, అందరూ మంచిగా ఉన్నారనుకున్నాను. చౌరస్తాలో పెద్దనాయిన పుస్తకం తెరిచి రెండు ముక్కలు చదివి ఆపేశాడు. "ఇయ్యాల నువ్వు చదువు" అని నా చేతికిచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో కూడబలుక్కుంటూ చదివాను. రిక్షావాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. ఒకాయన తలకు చుట్టుకున్న రుమాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. అబ్బో, ఎంత బాగా చదివానో అని మురిసిపోయాను. చూడండి, ఎంత పిచ్చిదాన్నో!

శ్మశానానికి ఎడమవైపు తిరగాలి. పెద్దనాయిన కుడివైపు తిరిగాడు. "గిటు కాదు, శ్మశానం మర్చిపోయినవ్" అన్నాను. "ఈసారి వద్దు బిడ్డా, ఎండ కొడ్తాంది, బజ్జీలు తిందాం పా" అన్నాడు. నేను ఊరుకునే రకమా? నడి రోడ్డు మీద కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాను. "ఒక్క పేజీ గూడ దాటేయొద్దని నువ్వే అన్నవ్ గదా!" అని నిలదీశాను.

ఆయన పక్కనే ఉన్న కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. దూరంగా డప్పులు వినబడుతున్నాయి. తర్వాత నన్ను దగ్గరికి తీసుకొని చెప్పాడు. "పుస్తకంల ఆ మనిషి ఇంటికి పోవుటానికి భయమై దినమంత ఊరు తిరుగుతడు బిడ్డా. నేను గూడ గదే చేస్తాన. గా డప్పులు మనయే. మీ నాయిన పోయిండు."

జేబులోని సబ్బు తీసి ఆయన మొహం మీదకు విసిరాను. అబద్ధాలకోరు అని తిట్టాను. ఇంకేమేం అన్నానో గుర్తు లేదు కానీ, అన్నీ పడ్డాడు. పడి, నా చెయ్యి పట్టుకొని డప్పుల వైపు పరుగులాంటి నడక నడిచాడు.

మేం పోయేసరికి పాడె నేల మీద ఉంది. శ్మశానానికి కొంచెం ఇవతల పాడెను దించి, పోయినవాళ్ళ చెవిలో అయినవాళ్ళు మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనన్నా ఉంటే లేస్తారేమోనని. దింపుడు కల్లం అంటే అదే. ఆడవాళ్ళు అక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. నన్ను చూడగానే అమ్మ గుండె పగిలేటట్టు అరిచింది. "పిల్లనెందుకు తీస్కచ్చినవ్ బావా!"

"దాని నాయిన గదమ్మా. అది పిలువకుంటె ఇంకెవలు పిలుస్తరు?" అన్నాడు పెద్దనాయిన.

మొహం చూపించమని పట్టుబట్టాను. పెద్దనాయిన అది మాత్రం ఒప్పుకోలేదు. కాళ్ళ దగ్గర గుడ్డ కొంచెం జరిపి నా చెయ్యి తీసి పాదం మీద పెట్టాడు. పగిలిన మడమ. ఆ పగుళ్ళకు ఆముదం రాసేది నేనే. చేతికి తెలిసిపోయింది. "పిలిస్తె లేస్తడా?" అని అడిగాను. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. అప్పుడు కూడా ఇంకో అబద్ధం ఆడొచ్చు ఆయన. ఆడలేదు. "లేవడు బిడ్డా. అయినా పిలువు" అన్నాడు.

గుడ్డ మీదుగా చెవి ఉండేచోట నోరు పెట్టి పిలిచాను. నాయిన నవ్వలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి నాకు గొంతు రాకపోతే, నా వెనక నుంచి పెద్దనాయిన "తమ్మీ" అని పిలిచాడు. అంత పెద్ద మనిషి అట్లా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

నా కోపం తొందరగా పోలేదు. ఏళ్ళపాటు ఆయనతో సూటిగా మాట్లాడలేదు. పండుగ ఆగిపోయింది, పుస్తకం అటక మీదకెక్కింది. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక ఒకనాడు చిన్నాయిన మాటల్లో అన్నాడు, ఆ పొద్దున పాడె మొదటి కొమ్ము పట్టాల్సింది మా పెద్దన్ననే, కానీ ఆయనే "పిల్లకు తోడు ఎవరో ఒకరు ఉండాలె గదా, నేనే ఉంట, తమ్ముని కడసూపు నాకు లేకున్నా మానె" అన్నడని. నేను నడి రోడ్డు మీద మొండికేయకపోతే తన తమ్ముణ్ణి ఆయన కూడా పిలిచేవాడు కాదు. అది విన్నాక జూన్ నెల వచ్చేదాకా ఆగి, వాళ్ళింటికి పోయి అటక మీది పుస్తకం దించి, దులిపి ఆయన చేతిలో పెట్టాను. దాన్ని చంకలో పెట్టుకొని లేచాడు. చెప్పులు వేసుకున్నాడు.

ఇప్పుడు పెద్దనాయిన లేడు. ఆయన దింపుడు కల్లం దగ్గర కూడా నేనే పిలిచాను, లేవడని తెలిసే పిలిచాను. మా ఇంట్లో ఎవరు పోయినా పిల్లలకు దాచనివ్వను. పసివాళ్ళకెందుకు చెప్తావని మా కోడలు గొణుగుతుంది, గొణగనీ. జూన్ పదహారున మనవరాలిని వెంటపెట్టుకొని, సబ్బు కొని జేబులో వేసుకొని బయలుదేరతాను. ఆ కల్వర్టు దగ్గరికి రాగానే కుడివైపు బజ్జీల వాసన వస్తుంటుంది. పిల్ల గుర్తు చేయకముందే నేను ఎడమవైపు తిరుగుతాను.