అత్త గేదె, కాలువ కట్టేసిన వేసవి

ద్రాక్షారామం దగ్గర ఒక పల్లెలో మధ్యాహ్నపు సువార్త కూటంలో వాక్యం చెబుతుండగా మా ఇంటావిడ ఫోన్ చేసింది. మైకు పట్టుకుంటే నేను ఫోన్ తియ్యనని ఆమెకి తెలుసు. అయినా ఆగకుండా మోగుతుంటే తీశాను. "పక్కింటి అత్తగారు పోయారండి. గేదె దగ్గర బకెట్టు పట్టుకునే ఒరిగిపోయారు" అంది. షామియానా కింద కూలర్లు తిరుగుతున్నాయి. బల్ల మీద నాకోసం చల్లటి మజ్జిగ పెట్టారు. ఆ గ్లాసు ముట్టకుండానే బయల్దేరాను.

ఆవిడ మా నాన్న చెల్లెలు, నాకు మేనత్త. పెళ్లయిన కొన్నాళ్లకే మామయ్య పోతే పాడి మీద బతికింది. బడికి సరిగ్గా వెళ్లని నేను అక్షరాలు కూడబలుక్కుని లేఖనాలు చదవడం నేర్చుకున్నది అత్త గేదెల చావిట్లోనే. చలికాలం పొగమంచులో ఆవిడ పాలు పితుకుతుంటే నేను అరుగు మీద కూర్చుని పైకి చదివేవాణ్ణి. నేను తప్పు చదివినా ఆవిడకి తెలిసేది కాదు. గేదె చెవి కదిలిస్తే మాత్రం, "అదుగో, దానికి నచ్చలేదు. మళ్లీ చదువు" అనేది.

ఆ రోజుల్లో దూడ మీద గోనెసంచి కప్పి, పొట్ట కింద తాడుతో ముడేసేది. ముసురు పడితే తడి నేల మీద ఊక పోసేది. గేదెకి కుడితి గోరువెచ్చగా కాచి పెట్టి, "మనకి చలేస్తే దుప్పటి అడుగుతాం. అది ఎవర్ని అడుగుద్ది?" అనేది.

అలాగని అత్తకి అన్నీ తెలుసని కాదు. ఎదురింటివాళ్లు వేయించారని చావిడికి తాటాకు పీకించి రేకులు వేయించింది. వద్దన్నాను. "నీ మందిరానికి స్లాబు కావాలి గానీ నా గేదెకి రేకులు వద్దేంట్రా?" అని దులిపేసింది. మొదటి వేసవికే ఆ రేకుల కింద గేదెలు నోళ్లు తెరుచుకుని రొప్పాయి. రేకుల మీద కొబ్బరాకులు పరిపించింది కానీ, ఓడిపోయానని మాత్రం ఒప్పుకోలేదు. "అందానికి వేశాలే" అంది.

గేదె ఎండకి ఆగదు. ఆవుకి పట్టినంత చెమట దానికి పట్టదు. పైన నల్లటి తోలు. నీళ్లలో మునిగి, బురద పూసుకుంటేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. మా కాలువలు నిండుగా పారినన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ పట్టదు. నడి వేసవిలో నీళ్లు ఆపి కాలువ కట్టేస్తారు, అప్పుడు గుర్తొస్తుంది. మంచినీళ్ల చెరువులోకి పశువుని దిగనివ్వరు కదా.

ఈ వేసవికి అత్తకి మిగిలింది ఒక్కటే గేదె, అదీ నిండు చూడిది. ఎండదెబ్బకి దాని కడుపు పోతుందేమోనని అత్త భయం.

సరిగ్గా అప్పుడే నేను మందిరం వెనక బాప్తిస్మాల తొట్టి నింపించాను. కాలువలో నీళ్లుంటే మాకు తొట్టితో పని లేదు, అక్కడే ఇస్తాం. కాలువ ఎండింది కనుక ట్యాంకరుతో నీళ్లు తెప్పించాం. మిట్టమధ్యాహ్నం అత్త గేదెని తోలుకొచ్చింది. దాని మూతి నుంచి నురగ కారుతోంది.

"ఒరే అబ్బాయ్, దీన్ని కాసేపు దింపనియ్యరా. ఒళ్లు చల్లబడ్డాక తోలుకుపోతా."

"ఇవి ఆదివారం బాప్తిస్మాలకి అత్తా. గేదె దిగాక జనం దిగుతారా?"

"పోనీ బకెట్టుతో తోడుకుంటాలే."

"ప్రార్థన చేసి ఉంచిన నీళ్లు. ముట్టుకోనివ్వను."

"విశ్రాంతి దినమైనా సరే, బావిలో పడ్డ ఎద్దుని పైకి తియ్యరా అన్నాడు కదరా నువ్వు చెప్పే ప్రభువు. నా గేదెకి పడ్డానికి బావైనా లేదు."

నా వాక్యం నాకే తిప్పికొడితే నాకు మంట. పరిశుద్ధమైనదాన్ని కుక్కలకి వెయ్యకూడదని, అక్కడున్నవాళ్లందరికీ వినపడేలా గొంతు పెంచి చెప్పాను.

"నేను తెచ్చింది కుక్కని కాదురా. కళ్లు చూపించుకో" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అత్త గేదెని తిప్పుకుని వెళ్లిపోయింది.

అది మొదలు వీధి చివర బోరింగు కొట్టి నీళ్లు మోసింది. గోనెలు తడిపి గేదె వీపు మీద పరిచేది, ఆరినవి తీసి మళ్లీ తడిపేది. నేను బండి మీద ఆ దారినే పోయేవాణ్ణి. "మజ్జిగ తాగి పోరా, వడ కొడుతుంది" అని కేకేసేది. ఆవిడ మాట మానలేదు. మానింది నేను.

ఆదివారం బాప్తిస్మాలయ్యాయి. సాయంత్రం తొట్టి ఖాళీ చేసి నీళ్లు కొబ్బరి మొక్కలకి వదిలేశాం. మట్టిలో ఇంకిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడైనా అత్తని పిలుద్దామని తోచలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ ఫోను.

గుండె జబ్బు పాతదేనని డాక్టరు గారు అన్నారు. మా ఇంటావిడా అదే అంటుంది. నేను కాదనను. అలాగని నా మనసు ఊరుకోదు. ఒక మహాపట్టణాన్ని క్షమిస్తూ, అందులోని పశువుల్ని కూడా తలుచుకున్న దేవుడి గురించి ఎన్ని ఊళ్లలో గొంతు పోయేలా చెప్పానో. ఇప్పుడు బైబిల్లో ఆ పుట దగ్గరికొస్తే నా వేలు ముందుకి కదలదు. పశువు ప్రాణం పట్టించుకునేవాడే నీతిమంతుడన్న మాట కూడా నేను ఎదుటివాళ్ల కోసమే దాచుకున్నాను.

అత్తని మట్టి చేసి వచ్చాక గేదెని మా దొడ్లో కట్టాను. గడ్డి వాసన చూసి వదిలేసేది. చివరికి అత్త పాత చీర భుజాన వేసుకుని వెళ్లి నిలబడితే, కాసేపు ఆ చీరని వాసన చూసి కొంచెం మేసింది.

మొన్న కాలువ వదిలారు. ఎండుటాకుల్ని తోసుకుంటూ ఎర్రటి నీళ్లొచ్చాయి. గేదె నన్ను లాక్కుంటూ వెళ్లి దిగింది. ముక్కూ కొమ్ములూ తప్ప ఒళ్లంతా ముంచేసి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత గట్టు పక్కకి వచ్చి, వీపు నావైపు పెట్టి ఆగింది. అత్త గడ్డిచుట్టతో రుద్దే వేళ అది.

"బట్టలు పాడైపోతాయండి బోధకుడు గారూ" అన్నారు గట్టు మీద ఎవరో.

ఎందరినో ముంచి లేపిన చోటే, అత్త చీర భుజాన ఉండగానే నడుం లోతుకి దిగాను. గడ్డి చుట్ట చుట్టి వీపు రుద్దాను. పక్క రుద్దుతుంటే నా అరచేతి కింద లోపలి దూడ కదిలింది.

గేదె చెవి కదిలించింది. నేను మళ్లీ మొదటినుంచీ రుద్దాను.