కాలువ దగ్గర ఎవరున్నారు?

సిరిగేరిలో నేనెరిగిన ఒక వరి రైతుకు, వాట్సాప్‌లో ఏ కబురు వచ్చినా దాని మొదలు దాకా పోవడం అలవాటు. ఒకసారి ఊరి గ్రూపులో నిండు కాలువ ఫోటో వచ్చింది. నీళ్లు వదిలారనుకుని పక్క చేని ఆమె నారు పీకించబోయింది. పీకాక నీళ్లు రాకపోతే నారంతా ఎండిపోతుంది. ఈయన ఆమెను ఆగమని, ఫోటో పెట్టినతనికి ఫోన్ చేశాడు.

"మా బావమరిది పంపినాడప్పా."

బావమరిదికి తోడల్లుడు, అతనికి మేనమామ పంపారట. ఒక్కొక్కరికీ ఫోన్ చేసుకుంటూ పోతే, చివరికి దొరికిన మేనమామ కాలువ గట్టునే ఉన్నాడు.

"అది పోయినేడు ఫోటోప్పా. అప్పుడెట్లుండె, ఇప్పుడెట్లుండాదో చూడండని పంపితి. ఈడ ఒట్టి మట్టే ఉండాది."

ఆమె కూలీలను ఇళ్లకు పంపేసింది. ఫోటో పెట్టినతను మాత్రం నొచ్చుకున్నాడు.

"ఏందప్పా, నామీద నమ్మకం లేదా?"

"నీమీద నమ్మకం నిండా ఉండాది నాయనా. కాలువలోనే నీళ్లు లేవు."