మా నాన్న తీసేసిన సీను

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్లు ఒకే సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశాడు. హాలు సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉండేది. మెట్లెక్కితే ఇనప తలుపు, లోపల రెండు ప్రొజెక్టర్లు, గోడ వారన రీళ్ల డబ్బాలు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఆయన ప్రతి బోల్టునీ రోజూ నూనె గుడ్డతో తుడిచేవాడు. ఆయన దృష్టిలో సినిమా అంటే వెలుగు తగ్గకూడదు, రీలు తెగకూడదు. కథ సంగతి ఆయనకి పట్టేది కాదు.

మా ఊరికి షూటింగులు కొత్త కాదు. లైట్‌హౌసు దగ్గరో, పాత జెట్టీ మీదో, చేపల షెడ్ల వెనకో ఎప్పుడూ ఒక కెమెరా ఉండేది. ఆ సినిమాలు రిలీజైతే జనం తమ గోడలు చూసుకోవడానికి వచ్చేవాళ్లు. హీరోయిన్ వెక్కి వెక్కి ఏడుస్తుంటే వెనక బెంచీలోంచి, "అదిగో మా మేడ, ఆ ఆరేసిన దుప్పటి మాదే" అని వినిపించేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక పెద్ద సినిమా వాళ్లు ఇరవై రోజులు దిగారు. హీరోయిన్ జాకెట్లు సరిచేయడానికి మా వీధి చివర ఉండే టైలరక్కని పిలిపించుకున్నారు. ఆవిడకి అప్పటికి ముప్పై దాటాయి. పెళ్లి చేసుకోలేదు, తల్లితో, అన్నా వదినలతో ఉండేది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని జెట్టీ మీద నిలబడ్డ ఆవిణ్ని చూసి డైరెక్టరు, "ఆ సూదులు తీసి ఒక మాట చెప్తావామ్మా" అన్నాడట. పడవ కోసం వచ్చిన హీరోతో చెప్పాలి: "ఆ పడవ వెళ్లి మూడ్రోజులైంది బాబూ. ఇంకా రాలేదు."

ఆరు టేకులు తీశారు. ఆ తర్వాత సినిమా వచ్చేదాకా, మా కొలతలు తీసుకుంటూ ఆ ముక్క చెప్పి చూపించేది. "మూడ్రోజులైంది దగ్గర కాస్త ఆగాలి. కిటుకంతా అక్కడే ఉంది" అనేది.

రిలీజుకి ముందురోజు పొద్దున నాన్న ప్రింటు వేసి చూసుకున్నాడు. ఓనరు పక్కనే ఉన్నాడు.

"ఇంత పొడుగైతే రోజుకి ఐదాటలు ఎలా పడతాయయ్యా? పది నిమిషాలు ఎగరగొట్టు. పాటలూ ఫైట్లూ ముట్టుకోకు" అని చెప్పి కిందికి వెళ్లిపోయాడు.

నాన్న అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా తీశాడు. ఇంకా మూడు నిమిషాలు తగ్గాలి. తీయడానికి రెండే చోట్లున్నాయి. ఒకటి జెట్టీ సీను. రెండోది మా వీధిలో తీసిన కామెడీ. ఆ కామెడీలో వెనకాల మా ఇంటి కిటికీ, కిటికీలో రెండు సెకన్ల పాటు నేను. నాన్న కత్తెర తీసుకుని జెట్టీ సీను తీసేసి, రెండు కొసలూ అతికించేశాడు.

మొదటి రోజు మ్యాటినీకి టైలరక్క ఒక వరసంతా మనుషుల్ని తీసుకొచ్చింది. తల్లి, అన్న, వదిన, మెషీన్ దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలు, ఇరుగుపొరుగు. వాళ్లకి రెండు వరసల ముందు నేనూ అమ్మా కూర్చున్నాం. కిటికీలో నేను కనబడగానే బెంచీ ఎక్కి "నేనే, నేనే" అని అరిచాను. హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. టైలరక్క లేచొచ్చి నా బుగ్గ గిల్లి వెళ్లింది.

జెట్టీ రాలేదు. సినిమా అయిపోయి లైట్లు వెలిగాయి. ఆవిడ లేవలేదు. "ఎక్కడే నువ్వు?" అని తల్లి అడుగుతోంది. "ఇంకెక్కడమ్మా, పద" అన్నాడు అన్న.

మర్నాటి నుంచి ఊరికి కాలక్షేపం దొరికింది. "సినిమా వచ్చి మూడ్రోజులైంది అక్కా, నువ్వింకా రాలేదు" అనేవాళ్లు. మూడ్రోజులక్క అన్న పేరు అలా అతుక్కుపోయింది. పక్క ఊరి హాలుకి వెళ్లి చూద్దామని ఆవిడ బతిమాలితే ఇంట్లోవాళ్లు కూడా నవ్వారు. సినిమా పదిరోజులు కూడా ఆడలేదు. ప్రింటు తిరిగి పంపేటప్పుడు నాన్న ఆ ముక్క మళ్లీ అతికించి పంపాడు. టీవీలో ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు ఫోనుల్లో వెతికినా రెండు పాటలే దొరుకుతాయి.

నాన్న ఆ వీధి చివరికి వెళ్లడం మానేశాడు. మా బట్టలన్నీ మాత్రం ఆవిడ దగ్గరికే పంపించేవాడు, బాగానే ఉన్న గౌన్లు కూడా వదులు చేయించమని.

ఆ సినిమా వచ్చిన ఇరవై ఆరేళ్లకి హాలు మూసేశారు. ప్రొజెక్టర్లు పాతసామాన్ల వాడు తీసుకెళ్లిన రోజున నాన్న నాకిదంతా చెప్పాడు. "నువ్వూ రా. ఒక్కణ్నీ వెళ్లలేను" అన్నాడు.

టైలరక్క మెషీన్ మీద ఉంది. నాన్న కూర్చోలేదు.

"నీ సీను సినిమాలో ఉందమ్మా. నేనే తీసేశాను."

ఆవిడ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. "ఓనరు తీయమన్నాడా?"

"నిడివి తగ్గించమన్నాడు. ఏది తీయాలో చెప్పలేదు."

"మరి నాదే ఎందుకు తీశారన్నయ్యా?"

నాన్న నా వైపు చూశాడు. "నీది ఉంచితే మా పిల్లది పోయేది."

నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. ఆవిడ దారం తెంపి, గుడ్డ మడత పెట్టింది.

"మా అమ్మ పోయేదాకా నేను అబద్ధమాడాననే అనుకుంది. నాతో అనలేదు. వదినతో అంటుంటే విన్నాను." ఆ గుడ్డ పక్కన పెట్టి అడిగింది. "మీరు చూశారుగా. ఎలా ఉన్నాను?"

"కొంగు మొహం మీదికొస్తున్నా పట్టించుకోలేదు నువ్వు. ఆగాల్సిన చోట ఆగావు. హీరో నీ ముందు తేలిపోయాడు."

"గొంతు?"

అబద్ధం చెప్పొచ్చు. నాన్న చెప్పలేదు. "గొంతు నీది కాదమ్మా. వేరెవరిచేతో చెప్పించారు."

ఆవిడ తలూపింది. "లోపల మా అన్నయ్య ఉన్నాడు. ఆయనకి కూడా చెప్పండి."

చెప్పాడు, మొదటి నుంచీ. ఆయన టీవీ గొంతు తగ్గించి విని, "ఏ సినిమా అది?" అన్నాడు. వదిన మంచినీళ్లిచ్చి, "ఈ మాత్రం దానికి ఎండన పడి వచ్చారా" అంది. వాళ్లకి నిజంగానే గుర్తులేదు. టైలరక్క గుమ్మంలో నిలబడి అంతా విని, మెషీన్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవరైనా మూడ్రోజులక్క అంటే నాన్న ఆపి, జరిగింది చెప్తాడు. వింటారు, అయ్యో అంటారు, మళ్లీ అలాగే పిలుస్తారు. ఆవిడ నాన్నతో మామూలుగానే మాట్లాడుతుంది, కాకపోతే అన్నయ్యా అనదు, ఆపరేటరుగారూ అంటుంది. నా జాకెట్లు ఇప్పటికీ ఆవిడే కుడుతుంది. టేపు నా భుజం మీద పెట్టి అంకె చదువుతున్నంతసేపూ నేను నేల చూస్తూ ఉంటాను.