ఆగమ్మ ఇంటి గోడ మీద బీడీ బొమ్మ

ఆ వాడలో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో గడప దాటకుండానే చెప్పగలదు ఆగమ్మ. పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు పోయే మగవాళ్లలో ఎవరు ఏ షిఫ్టుకు వెళ్లారో, ఎవరు ఎగ్గొట్టి పడుకున్నారో అన్నీ ఆమెకు కావాలి. అందుకే మహిళా సంఘంలో ఆమె చెయ్యెత్తేదాకా ఇంకెవరూ ఎత్తరు. ఇంటింటి సంగతీ ఎరిగిన మనిషి కదా!

ఆ ఏడు సంగారెడ్డి నుంచి డాక్టరమ్మ పద్మావతి వచ్చి, ఆడవాళ్లందరినీ బడి అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఇలాంటి అలవాట్లు మాన్పించడానికి సర్కారు నుంచి వచ్చిన డబ్బు ఒక్క పనికే సరిపోతుందమ్మా. బీడీలు, తంబాకు మానమని గోడల మీద బొమ్మలు వేయించమంటారా? ఇంటింటికీ తిరిగి గంజాయి తాగే పిల్లలెవరో తెలుసుకుని వైద్యం చేయించమంటారా?"

పక్కింటి మల్లవ్వ లేచింది. ఆమె కొడుకు పెద్దరాములు గంజాయికి మరిగి ఫ్యాక్టరీ పని పోగొట్టుకున్నాడు.

"గంజాయి సంగతే సూడుండ్రమ్మా. నా కొడుకు ఒక్కడే గాదు..." అంటూ ఆగమ్మ వైపు చూసి, మాట ఆపి కూర్చుండిపోయింది.

ఆ చూపు ఎందుకో ఆగమ్మకు తెలుసు. పెద్దరాములుతో కలిసి తాగేది తన కొడుకు యాదన్నే. వాణ్ణి చూసుకోవడానికి హత్నూర నుంచి పిల్ల తరఫువాళ్లు రేపోమాపో వస్తారు. ఇంటింటికీ తిరిగితే తన ఇల్లు తప్పుతుందా?

"గంజాయి ఏడున్నదే మన వాడల? ఒక్క పోరడు చెడితే అందరు చెడినట్టా? తంబాకైతే ఇంటింట్ల ఉన్నది. నీ నోట్లె లేదా, మల్లవ్వా?" అని చెయ్యెత్తింది.

అందరూ ఫక్కున నవ్వారు. చేతులన్నీ లేచాయి. మల్లవ్వ చేతులు మాత్రం ఒళ్లోనే ఉండిపోయాయి.

రోడ్డుకెదురుగా ఉందని ఆగమ్మ ఇంటి గోడ మీదే బొమ్మ వేశారు. కాలుతున్న బీడీ, నల్లబడ్డ ఊపిరితిత్తులు. రంగు ఆరిందో లేదో, షిఫ్టు దిగిన యాదన్న ఆ గోడకే ఆనుకుని గంజాయి ముట్టించాడు. నీళ్లబిందెతో వస్తున్న మల్లవ్వ ఆగింది. ఆగమ్మ ఉరికొచ్చింది.

"బీడీయే మల్లవ్వా! ఏదో కొత్త రకం..."

"ఎందుకు వదినె? ఇద్దరు కూసునేది మా ఇంటెనుకనే గదా. ఆ దినం నువ్వే చెప్తవని నీ మొకం సూసిన. నీ కొడుకు పేరెత్తితే సంబంధం చెడుతదని నేనే నోరు మూసుకున్న."

మల్లవ్వ వెళ్లిపోయింది. ఆగమ్మకు అన్నం సయించలేదు. పొద్దున్నే బస్సెక్కి సంగారెడ్డి వెళ్లి డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"డబ్బంతా గోడలకే అయిపోయిందమ్మా. వచ్చే ఏడు మళ్లీ అడగాలి," అంది డాక్టరమ్మ.

తర్వాత హత్నూరవాళ్లు వచ్చారు. పిల్ల తండ్రి గోడ చూసి మురిసిపోయాడు.

"మీ ఇంట్ల బీడీ గూడ ముట్టరన్నట్టు, అక్కా!"

ఆగమ్మ పక్కింటి వైపు చూసింది. తలుపు వేసి ఉంది. లోపల పెద్దరాములు అరుస్తున్నాడు.

"నా కొడుకు బీడీ ముట్టడు తమ్మీ. గంజాయి తాగుతడు," అంది.

వాళ్లు చాయ్ ముట్టకుండానే లేచారు. ఆగమ్మ మల్లవ్వ గుమ్మం దాకా వెళ్లింది. పిలవకుండానే ఎవరింట్లోకైనా దూరిపోయే మనిషి, ఆ తలుపు తట్టడానికి చెయ్యెత్తలేక అక్కడే నిలబడిపోయింది.