రెండు కమాన్ పట్టీలు

నా పికప్ బండి ఎత్తు తగ్గించి నేల దగ్గరికి దింపించాలన్న పురుగు ఫోన్లో వీడియోలు చూసి పట్టింది. గోదావరిఖనిలో మెకానిక్ "గీ రోడ్ల మీద వద్దే అన్నా" అని మొత్తుకున్నాడు. చెప్తే వినే రకమా నేను? ఇరుసు మీద కుదుపు ఆపే కమాన్ కట్టల్లోంచి రెండేసి ఇనుప పట్టీలు తీయించేశాను.

మొదటి రోజు చౌరస్తాలో అందరూ తిరిగి చూశారు. రెండో రోజు నుంచి గుంత గుంతకూ ఇరుసు పైకి కొట్టుకుని, ఆ దెబ్బ సీట్లోకి తన్నేది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి గుంత ముందే కనిపిస్తుంది, కాస్త లేచి కాచుకుంటాడు. పక్క సీట్లో మా బాపు. ఆయనకు ఆ వీలు లేదు.

బాపు బొగ్గుబాయిలో చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే నేను కమాన్‌పూర్ వైపు సామాను వేసుకుని పోతుంటే నాతో వచ్చి బాయి గేటు ముందు దిగేవాడు. అక్కడి చాయ్ హోటల్లో ఆయన జోడీదారు ఎదురుచూసేవాడు. నేను ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ణి. బాయిలో ఏళ్ల తరబడి పక్కపక్కనే పనిచేసినవాళ్లు. నేను తిరిగొచ్చేదాకా ఇద్దరికీ మాటలు ఒడిసేవి కావు.

"నడుం నొస్తుందా బాపూ?" అని ఒకసారి అడిగాను.

"బాయిల దిగినోనికి గిదో లెక్కనారా?" అన్నాడు.

నొప్పి అంటే అన్‌ఫిట్ రాసి పనిలోంచి తీసేస్తారని సర్వీసంతా దాచుకున్న మనిషి. నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ నమ్మాను. నమ్మితేనే కదా బండి అట్లా ఉంచుకోగలిగేది!

పది రోజులకు బాపు, "ఇగ నేను రాను. ఆ చాయ్ మంచిగుంటలేదు" అన్నాడు.

మర్నాడు గేటు దగ్గర కాక నా బండి ఆపాడు. "మీ బాపు ఏడిరా?"

"చాయ్ మంచిగుంటలేదంటుండు కాకా," అని నవ్వాను.

కాక నవ్వలేదు. "చాయ్ కోసమే వచ్చేటోడా?" అన్నాడు. ఆ తర్వాత కూడా రోజూ బండి ఆపి, "ఇయ్యాల గూడ రాలేదా?" అని అడిగేవాడు. నెల తిరక్కముందే ఒక పొద్దున కాక గుండె ఆగిందని కబురొచ్చింది.

కడసారి చూపుకు బాపును అదే బండిలో తీసుకెళ్లాను. గుంతలో పడగానే "అవ్వా!" అని అరిచాడు. నొప్పి అన్న మాట ఎన్నడూ అనని మనిషి నా పక్కన నడుం పట్టుకుని వంగిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ వారమే పట్టీలు మళ్లీ వేయించాను. ఇప్పుడు బండి మెత్తగానే పోతుంది. మొన్న దవాఖానకు పోతూ గేటు దాటుతుంటే బాపు అడిగాడు.

"నేను రాకుంటే మీ కాక అడిగిండారా?"

"రోజూ అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"నడుం నొస్తుందని చెప్పిన," అన్నాను, రోడ్డు వైపే చూస్తూ.

బాపు తల ఊపాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. లేకుంటే నేను అలిగిన అనుకునేటోడు."